ముట్టడి ఎరుగని గోడ

కోటగోడ కట్టేవాడు శత్రువు రావాలని కట్టడు, రాకూడదనే కడతాడు. ఆ లెక్కన ఇటలీలోని లుక్కా నగరపు గోడ నూటికి నూరుపాళ్లూ పనిచేసిందనాలి. దానికి ముట్టడి అంటే ఏమిటో తెలియదు. ఇప్పుడు ఊళ్లోవాళ్లు దాని మీద షికారు చేస్తున్నారు.

లుక్కా ఒకప్పుడు చిన్న రిపబ్లిక్. పక్కనే బలమైన ఫ్లోరెన్సు, దాని భయం. ఫిరంగులు వచ్చాక పాతకాలపు సన్నని, ఎత్తైన గోడలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. అందుకని 16వ శతాబ్దంలో కొత్త గోడ మొదలుపెట్టి, 17వ శతాబ్దం మధ్య దాకా కడుతూనే ఉన్నారు. ఎత్తు సుమారు 12 మీటర్లే గాని, అడుగున వెడల్పు 30 మీటర్ల దాకా ఉంటుంది. బయట ఇటుక, లోపలంతా మట్టి. గుండు వచ్చి తగిలినా మట్టిలో కూరుకుపోతుందన్నమాట! ఆ మట్టి జారిపోకుండా పైన చెట్లు నాటారు. చూడండి, వెడల్పు, మట్టి, చెట్లు: యుద్ధానికని సమకూర్చినవే నడకదారికీ కావలసినవి.

గోడకు అసలు పరీక్ష పెట్టింది నది. 1812లో సెర్కియో పొంగితే ద్వారాలు మూసేశారు, ఊరు మునగలేదు. అప్పటి పాలకురాలు, నెపోలియన్ చెల్లెలు ఎలీసా, ఆ సమయంలో ఊరి బయట ఉందనీ, ఆమెను గోడ మీదుగా యంత్రంతో లోపలికి ఎత్తి దించారనీ చెప్పుకుంటారు. వరద, గోడ అనగానే మనకు 1908 మూసీ గుర్తొస్తుంది. హైదరాబాదు నగర గోడ ఆ వరదకు తెగింది. మిగిలినదాన్ని కూడా తర్వాత చాలావరకు పడగొట్టారు. దర్వాజాలలో పురానాపూల్, దబీర్‌పురా రెండే నిలిచాయి.

పడగొట్టడం ఆ రోజుల్లో పెద్ద నగరాలకు ఫ్యాషన్ కూడాను. 1857లో వియన్నా తన గోడలు తీసేసి రింగు రోడ్డు వేయాలని నిశ్చయించింది. 1865లో రాజధాని అయిన ఫ్లోరెన్సూ అదే బాట పట్టింది. లుక్కాలో మాత్రం అంతకుముందే, బూర్బన్ వంశపు మరియా లూయిసా పాలనలో, గోడపై భాగాన్ని విహారస్థలంగా తీర్చిదిద్దారు. జనం కాలు పెట్టాక పడగొట్టడం అంత సులువా? ఇటలీ ఏకమై గోడ ప్రభుత్వపరమయ్యాక, పురపాలక సంఘం దాన్ని డబ్బిచ్చి మరీ కొనుక్కుంది.

చుట్టుకొలత 4 కిలోమీటర్ల పైచిలుకు. టిక్కెట్టు లేదు. ఒకప్పుడు పైన కార్లు కూడా తిరిగేవి, తర్వాత ఆపేశారు. ఇప్పుడు ముసలివాళ్లు, సైకిలు పిల్లలు, చంకలో పుస్తకాలతో విద్యార్థులు. ఫిరంగులు నిలిపిన బురుజుల మీద పచ్చిక. ఒక చుట్టు నింపాదిగా నడిస్తే గంట పైమాటే. లోపలివైపు ఇళ్ల పెరళ్లు, బయటివైపు దూరంగా కొండలు కనిపిస్తూంటాయి.