చిత్తుకాగితాలకు రాచమర్యాద

జపాన్‌లోని నారా జాతీయ మ్యూజియంలో ఏటా శరదృతువులో రెండు వారాల పాటు షోసోయిన్ ప్రదర్శన జరుగుతుంది. 1946లో మొదలైంది. షోసోయిన్ అంటే ఒకప్పుడు తోడాయ్‌జి ఆలయానికి చెందిన పాత చెక్క ఖజానా. 756లో షోము చక్రవర్తి పోయిన నలభై తొమ్మిదో రోజున, ఆయన వస్తువుల్ని రాణి కోమ్యో బుద్ధుడికి సమర్పించింది. ఇప్పుడు ఆ నిధిలో సుమారు 9,000 వస్తువులున్నాయి. ఏడాదికి బయటికి తీసేవి అరవై చిల్లర మాత్రమే. పైగా ఇవేవీ తవ్వకాల్లో దొరికినవి కావు. పన్నెండు వందల ఏళ్లకు పైగా నేలమీదే, ముద్ర వేసిన తలుపుల వెనక భద్రంగా ఉన్నాయి.

ముత్యపుచిప్ప పొదిగిన ఐదు తంతుల బీవా అనే వాద్యం వీటిలో మేటి. అంత పాత ఐదు తంతుల బీవా ప్రపంచంలో ఇదొక్కటే మిగిలింది. దాని మీద ఒంటెనెక్కి బీవా మీటుతున్న మనిషి బొమ్మ ఉంటుంది.

రంజతాయ్ అనే సుగంధపు దుంగ కథ వేరు. ఎప్పుడో ఒకసారి ఒక పెద్దమనిషి వచ్చి ముక్క కోసుకుపోయాడు. 1574లో సేనాని ఓడా నొబునాగా, 1877లో మెయిజి చక్రవర్తి. ఎవరు ఎక్కడ కోశారో చెప్పే చీటీలు దుంగకే అంటించి ఉన్నాయి. దొంగతనం కాదు మరి, దొరతనం!

మనవాడి గుర్తూ ఒకటుంది. 752లో తోడాయ్‌జి మహాబుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దింది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఆయన పట్టిన కుంచె ఈ ఖజానాలోనే ఉంది. కుంచెకు కట్టిన నీలి దారం పొడవు దాదాపు 200 మీటర్లు. దాని కొస పట్టుకుంటే తామూ కళ్లు దిద్దినట్టేనని జనం దాన్ని అందుకున్నారు.

నన్నడిగితే అసలు రికార్డు కాగితాలదే. జపాన్‌లో మిగిలిన అతి పాత జనాభా పట్టీలు, 702 నాటివి, ఇక్కడే ఉన్నాయి. గడువు తీరిన ఆ పట్టీలను సర్కారు వదిలించుకుంటే, బౌద్ధ సూత్రాలు రాయించే కార్యాలయం వాటి వెనకవైపు లెక్కలు రాసుకుంది. కాగితం ఖరీదు గనక బతికిపోయాయి. ఆ కార్యాలయపు లేఖకుల సెలవుచీటీలూ ఈ కాగితాల్లోనే ఉన్నాయి: కడుపునొప్పి, బట్టలు ఉతుక్కోవాలి, ఇంట్లో దొంగలు పడ్డారు. అక్షరం వదిలేస్తే కూలిలో కోత పడేది. ఒక అర్జీలో ఏకంగా కోరికల పట్టీయే ఉంది: మాసిన బట్టలు మార్చండి, నెలకు ఐదు రోజులు సెలవివ్వండి, తిండి బాగుచేయండి, కూర్చుని కూర్చుని కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి గనక మూడు రోజులకోసారి కాస్త సారా పోయండి!

నారా వెళ్లేవాళ్లు బీవా లాంటి మేటి వస్తువుల దగ్గరే ఆగిపోకండి. కాగితాలు పెట్టిన అద్దాలపెట్టె కూడా చూసి రండి.