పైకప్పునకు రంగెంత కావలెను?

గత వేసవిలో మన సంఘమువారు పూర్వవిద్యార్థుల విరాళముతో మా పాఠశాల పెద్దగది పైకప్పునకు రంగు వేయించిరి. లెక్క మేమే కట్టితిమి, తప్పు కట్టితిమి. గది పొడవు 30 అడుగులు, వెడల్పు 20 అడుగులు గనుక కప్పు 600 చదరపుటడుగులనియు, రెండు పూతలకు లీటరు 100 చదరపుటడుగులకు వచ్చునని డబ్బాపై నుండుటచే 6 లీటర్లు చాలుననియు వ్రాసియిచ్చితిమి. రెండవ పూత ముగియకమునుపే రంగు అయిపోయెను.

మేము మరచినవి దూలములు. గదికి అడ్డముగా రెండున్నవి. ఒక్కొక్కటి కప్పునుండి అడుగున్నర క్రిందికి దిగియున్నది. దూలపు అడుగుభాగము 600 లోనే చేరినది గాని, రెండు ప్రక్కలు చేరలేదు. 20ని ఒకటిన్నరచేతను, పిమ్మట రెండుచేతను గుణింపగా 60. రెండు దూలములకు 120. అనగా మొత్తము 720 చదరపుటడుగులు, 7.2 లీటర్లు. ఏటేట పిల్లలకు దీర్ఘఘనపు లెక్కలు చెప్పు మాకిది తట్టకపోవుట చిత్రమే!

పనివారికి మరియొక దినపు కూలి పెరిగినది. తరువాత తెచ్చిన రంగు అదే పేరిటిదైనను, తయారైన తడవ వేరగుటచే ఛాయ కొంచెము మారినది. ఉత్తరపు మూల నా తేడా నేటికిని కనబడుచున్నది. మొదటనే నాలుగేసి లీటర్ల డబ్బాలు రెండు కొనియుండిన సరిపోయెడిది. డబ్బాపై కొలత నున్నని కప్పునకే సుమా. గరుకైనది మరింత త్రాగును. పాత సున్నము గీకనిచో రంగు దానితో కూడ పెచ్చులై రాలును.

ఈ వేసవి ప్రక్కగది వంతు. దానికి దూలములు మూడు. కొలతపని ఎనిమిదవ తరగతివారికి అప్పగించితిమి.