మీకు తెలుసా? దగ్గు క్షయది కాదు, బోదపురుగుది!

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వాళ్లకు బోదకాలు కొత్త జబ్బేం కాదు. మురుగు దోమ మోసుకొచ్చే ఆ ఫైలేరియా పురుగే కొందరిలో కాలు వాయకుండానే ఊపిరితిత్తుల మీద పడుతుంది. పగలు బాగానే ఉంటారు. అర్ధరాత్రి దాటాక పొడిదగ్గు, పిల్లికూతలు. ఉబ్బసం అనుకుంటారు. ఎక్స్‌రేలో రవ్వ చల్లినట్టు మచ్చలుంటే క్షయ అనేస్తారు. 1940లోనే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు ఫ్రిమోడ్ట్-మోలర్, బార్టన్ ఈ ‘క్షయలాంటి జబ్బు’ను గుర్తించి రాశారు. గుట్టు విప్పేది మామూలు రక్తపరీక్షే: ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు సాధారణంగా మైక్రోలీటరుకు 3,000 దాటుతాయి. పురుగు పిల్లలు మాత్రం రక్తంలో కనబడవు, అదీ తిరకాసు. మందు? బోదకాలు నివారణకు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్రే. కాకపోతే డాక్టరు చెప్పిన మోతాదులో, సాధారణంగా 3 వారాలు.