కంప్రెషర్ ట్యాంకులో నీళ్లెక్కడివి?

మన దోమ, తాండూరు వైపు బావిలో బండ తగిలితే రంధ్రాలు వేయడానికి ట్రాక్టర్ కంప్రెషర్‌ను పిలుస్తారు. ఆ పనికి మన ఇళ్ల నుంచీ వెళ్తారు. కనుక దాని సంరక్షణ మనకూ తెలియాలి.

ఇంజను ఆయిల్ అందరూ చూస్తారు. మరచిపోయేది గాలి ట్యాంకునే. మీటరు 7 కిలోలు చూపిందంటే, సుమారు 8 లీటర్ల బయటి గాలి ఒక్క లీటరులో ఇమిడిందన్నమాట. ఆ గాలి చల్లబడగానే అందులోని ఆవిరి నీరై అడుగుకు చేరుతుంది. లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైన రంగు బాగానే ఉంటుంది, లోపల ఇనుము పలుచబడుతుంది. అలాంటి ట్యాంకు పగిలితే పక్కనున్న వారి ప్రాణాలకే ముప్పు.

అందుకే రోజూ పని ముగిశాక ఇంజను ఆపాలి. గాలి చాలావరకు వదిలి, కొద్దిగా మిగిలి ఉండగా అడుగున ఉన్న వాల్వును పక్కన నిలబడి మెల్లగా తిప్పాలి. నీళ్లన్నీ పోయేదాకా ఉంచాలి.

పొద్దున బండిని సమంగా నిలిపి ఇంజనులో, కంప్రెషర్‌లో ఆయిల్ వేర్వేరుగా చూడాలి. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే కంప్రెషర్ వేడెక్కుతుంది. బెల్టును ఇంజను ఆపాకే ముట్టాలి. సేఫ్టీ వాల్వును ఎన్నడూ మూయరాదు. తుప్పుపట్టి కారే ట్యాంకుకు వెల్డింగు మాసిక వేయరాదు, మార్చాల్సిందే.

ఆవిరి నీరు కావడం మనం బడిలో చదివిందే. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి: "అన్నా, ట్యాంకు నీళ్లు ఇడిసినవా?"