అక్షయపాత్రయు, అస్తమించు సూర్యుడును

అరణ్యవాస కాలమున ధర్మరాజు సూర్యు నుపాసించి అక్షయపాత్రను బడసిన కథ మన సోదరీమణు లెఱుగనిది కాదు. ఆ పాత్రకు ఒక నియమము కలదు. ద్రౌపది భుజించునంత వఱకే అది అన్నము నిచ్చును. ఆమె భుజించినదా, ఇక ఆ దినమునకు అది వట్టి పాత్రయే. దుర్వాసుడు శిష్యులతో వచ్చినది సరిగా ఆ వేళకే. ఎండనుండి శక్తిని బడయుటకు లోకమున జరుగుచున్న ప్రయత్నములను గూర్చి చదివినపుడెల్ల మాకు ఈ కథయే జ్ఞప్తికి వచ్చుచుండును. సూర్యుడు శక్తి నిచ్చుట ఇప్పుడు వింత కాదు. ఆయన అస్తమించిన పిమ్మట మన పొయ్యి వెలుగుట యెట్లన్నదియే ప్రశ్న.

ఇది శాస్త్రజ్ఞుల వ్యవహారము, మన కేల యని కొందఱు తలపవచ్చును. మా అత్తగారు చిన్ననాటి నుండియు ఊదుగొట్టము చేతబట్టి కట్టెపొయ్యి యొద్దనే కాలము గడపిరి. మా యింటికి గ్యాసు వచ్చిన తరువాత వంటయింటి పొగ పోయినది గాని, ఆమె దగ్గు పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ప్రకారము లోకమున ఇప్పటికిని సుమారు 210 కోట్ల మంది కట్టెలు, పిడకలు, బొగ్గులు, కిరసనాయిలు మొదలగు వానితోడనే వంట చేసికొనుచున్నారు. ఇట్టి యింటిపొగ వలన 2020వ సంవత్సరమున 32 లక్షల మంది మరణించిరనియు, అందు అయిదేండ్ల లోపు శిశువులు రెండు లక్షలకు పైబడి యుండిరనియు వారే అంచనా వేసిరి. పొయ్యి యొద్ద కూర్చుండు వారెవరు? తల్లియు, ఆమె ఒడిలోని బిడ్డయు. కావున ఈ చర్చలో మొదట మాటాడవలసినది మనమే.

2016లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకము వలన కోట్లకొలది పేద యిండ్లకు గ్యాసు చేరినది. అది గొప్ప మేలే. అయినను మన దేశము వాడుకొను వంటగ్యాసులో సగమునకు మించి పరదేశముల నుండియే రావలసియున్నది. ధర పెరిగిన నెలలో పేదరాలు బండను మూలనుంచి మరల పుల్లలేఱుట మనము చూచుచున్నదే.

ఎండతో వండవలెనన్న తలంపు నేటిది కాదు. జెనీవా నగరవాసియైన సోస్యూర్ అను పండితుడు 1767లో అద్దపు మూతలు గల పెట్టెను చేసి, అందు ఎండవేడిమిని బంధించి చూచెను. వెలుగు అద్దము గుండ లోనికి పోవును. నల్లని అడుగు దానిని గ్రహించి వేడెక్కును. ఆ వేడిమి అద్దమును దాటి వెలికి రాజాలదు. నేటి సౌరపేటికలకు మూలసూత్ర మిదియే. మేమును కొన్నాళ్లు అట్టి పెట్టెను మేడమీద నుంచితిమి. కందిపప్పు అందు అతి మృదువుగా ఉడికెడిది. అడుగంటుట లేదు, కనిపెట్టి యుండవలసిన పని లేదు. కాని మా యింట బడికి పోవువారికి తొమ్మిది గంటలకే భోజనము కావలెను. పెట్టెలోని పప్పు ఉడుకునప్పటికి పగలు రెండు జాములు దాటెడిది. తిరగమోతకు మరల గ్యాసే వెలిగింపవలసి వచ్చెడిది. మబ్బు పట్టిననాడు చెప్పనక్కఱయే లేదు. తుదకు ఆ పెట్టె అటకెక్కినది. దోషము పెట్టెది కాదు, వంటవారిదియు కాదు. నీవు ఏ వేళ వండెదవమ్మా యని ముందుగా అడుగక చేసిన వస్తువుకు అట్టి గతియే పట్టును.

మధ్యాహ్నమున పెద్దయెత్తున వండవలసిన చోట ఎండయే చక్కగా అక్కఱకు వచ్చినది. తిరుమలలో 2002లో 106 పెద్ద అద్దపు పళ్లెరములను నెలకొల్పిరి. అవి సూర్యుని వెంట తిరుగుచు వెలుగు నొకచోట గుమిగూర్చి, నీటిని ఆవిరిగా మార్చును. ఆ ఆవిరితో దినమునకు 15,000 మందికి సరిపడు వంట చేయుటకు ఆ యేర్పాటు ఉద్దేశింపబడినది. పశువులు గల యింటికి గోబరుగ్యాసు తగియుండును. నాలుగైదుగురు గల కుటుంబమునకు మూడు నాలుగు పశువుల పేడ చాలును. గ్యాసు తొట్టిలో నిలువయుండును గనుక తెల్లవాఱుజామునను వెలుగును, రాత్రియు వెలుగును. మిగిలిన ద్రవము పొలమునకు మేలైన ఎరువు. కాని పశువులు లేని పట్టణవాసులకు దారి యేది?

అందులకే ఇప్పుడు అందఱి దృష్టియు సౌరఫలకముల మీద నిలిచినది. వెలుగు సోకిన కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని ఫ్రెంచి పండితుడు బెకెరెల్ 1839లో కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు చేసిన ఫలకము తనపై బడిన వెలుగులో నూటికి ఆరు పాళ్లను మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగెను. నేడు అంగడిలో దొరకు మేలిరకపు ఫలకములు ఇరువది పాళ్లకు మించి మార్చుచున్నవి. మన ప్రాంతములలో ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సగటున నాలుగు యూనిట్ల వఱకు ఇచ్చును. 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి నిండువేడిమితో గంటసేపు పనిచేసిన ఒకటిన్నర యూనిట్లు పట్టును. రెండు గంటల వంటకు మూడు యూనిట్లు. ఈ లెక్క ఇల్లాండ్రు వ్రేళ్లమీద వేసికొనదగినదే. ఇండక్షన్ పొయ్యిలో మంట లేదు. అయస్కాంతశక్తి చేత పాత్ర యడుగే వేడెక్కును. అందుచే ఇనుప పాత్రలు పనికివచ్చును గాని, రాగి, అల్యూమినియము గిన్నెలు సాధారణముగా పనికిరావు. కొనుటకు ముందు అయస్కాంతము నొకదానిని పాత్ర యడుగున నంటించి చూచిన తెలియగలదు.

2024లో కేంద్రప్రభుత్వమువారు ఇంటికప్పులపై ఫలకములకు సహాయమిచ్చు పథకమును ప్రారంభించి, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వఱకు నిర్ణయించిరి. అయితే పలువురు తెలియక మోసపోవు విషయ మొకటి కలదు. బ్యాటరీ లేక వీధితీగకు మాత్రమే కలుపబడిన ఫలకములు, వీధిలో కరెంటు పోయినపుడు తామును ఆగిపోవును. తీగలను బాగుచేయు పనివాండ్ర ప్రాణరక్షణకై అట్లు ఏర్పాటు చేసిరి. మిట్టమధ్యాహ్నపుటెండలో సైతము ఇల్లు చీకటియగుట కిదియే కారణము.

ఇక నిలువచేయు మాట. భావికాలపు గొప్ప పరిశ్రమ యంతయు ఇచ్చటనే జరుగుచున్నదని మా తలంపు. వేఱుసెనగలను ఇసుకలో వేయించునపుడు, మంట తీసిన పిమ్మటను ఇసుక వేడి తగ్గకుండుట మన మెఱిగినదే. ఫిన్లండు దేశమున కంకాన్‌పా పట్టణమందు 2022లో ఈ సూత్రముననే ఒక ఉక్కుగాదెలో 100 టన్నుల ఇసుకను నింపి, మిగులు విద్యుత్తుతో సుమారు 500 డిగ్రీల వఱకు కాచి, ఆ వేడిమిని ఇండ్లకు పంపసాగిరి. మన ఇండియన్ ఆయిల్ సంస్థవారు 2022లో లోకమునకు జూపిన సూర్య నూతన్ అను పొయ్యియు ఇట్టి తెఱగుదే. ఫలకము మేడమీద నుండును, పొయ్యి వంటయింట నుండును, వేడిమి పొయ్యిలోనే నిలువయుండును.

వేడిమిని గాక విద్యుత్తునే దాచు లిథియము బ్యాటరీని రూపొందించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమాన మిచ్చిరి. లిథియము అన్ని దేశములందు దొరకదు. కావున ఉప్పులో నుండు సోడియముతో బ్యాటరీలు చేయుటకు పూనుకొనిరి. చైనాలో 2021లోనే ఒక పెద్ద సంస్థ అట్టి వానిని ప్రకటించినది. నీటితో దాచు ఉపాయ మొకటి మన శ్రీశైలముననే కలదు. అచ్చటి ఎడమగట్టు విద్యుత్కేంద్రమందలి 150 మెగావాట్ల యంత్రము లాఱును, మిగులు విద్యుత్తు గల వేళ నీటిని మరల పైకి తోడగల విధమున నిర్మింపబడినవి. కొఱత వేళ ఆ నీరే క్రిందికి దిగి విద్యుత్తు నిచ్చును. పగటి సంపాదనను రాపటికి దాచుట ఇదియే గదా!

కొత్తదన మనగానే పరుగిడుటయు, పాతదనియే పట్టుకొని వ్రేలాడుటయు రెండును తగవు. ఎవరేని యంత్రము నమ్మవచ్చినపుడు నాలుగు ప్రశ్న లడుగుడు. మేము వండు వేళకు ఇది పనిచేయునా? కరెంటు పోయిననాడు ఏమగును? చెడిన బాగుచేయువారు ఊరిలో నున్నారా? పాతబడిన బ్యాటరీని తిరిగి తీసికొందురా? ఈ కడపటి ప్రశ్నను మఱువరాదు. సీసపు బ్యాటరీని పెరటిలో పాఱవైచిన అందలి విషము బిడ్డల మెదడునకు కీడు చేయును. ఇంటివ్యయ నిర్ణయమందు మగవారు మనలను అడుగకున్నను, మనమే ముందుగా ఈ లెక్కలు చెప్పుట మేలు. పొగ మ్రింగినది మనము. వెల కట్టవలసినదియు మనమే.

ఇప్పుడు మా అత్తగారు పగలు ఇండక్షన్ పొయ్యిమీద తానే పాలు కాచుకొనుచున్నారు. మొదట, మంట కానరాని పొయ్యి యేమి పొయ్యి యని నవ్విరి. ఇప్పుడు రాత్రి కరెంటు పోయిన, ‘దీనిని కూడ దాచుకొను ఉపాయము లేదటే?’ అని అడుగుచున్నారు. శాస్త్రజ్ఞులడుగు ప్రశ్నయు అదియే.

ద్రౌపదిని ఆ దినమున కాచినది పాత్రనిండ నున్న అన్నము కాదు. కడిగిన పాత్రకు అంటుకొని మిగిలిన మెతుకును కృష్ణుడు నోట వేసికొనినంతనే దుర్వాసుని ఆకలియు, ఆయన శిష్యుల ఆకలియు తీఱినవి. మిగుల్చుకొనుట యెట్టిదో ఇల్లాలికి ఒకరు నేర్పవలసిన పని లేదు. సూర్యుని వెలుగును సైతము అట్లే మిగుల్చుకొను దినము మన బిడ్డల కాలమునకైన వచ్చి, ఏ తల్లియు పొగలో కన్నీరు కార్చుచు వండనక్కఱ లేకుండు గాక.