వార్తల్లో పదం: సీఐఎస్

బ్రిటన్ పన్ను వార్తల్లో తరచూ కనిపించే సీఐఎస్ అంటే కన్‌స్ట్రక్షన్ ఇండస్ట్రీ స్కీమ్. నిర్మాణ పని చేసిన సబ్‌కాంట్రాక్టరుకు డబ్బిచ్చేటప్పుడే కాంట్రాక్టరు కొంత పన్ను కోసి, అక్కడి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి కట్టే విధానమిది. మన టీడీఎస్ లాంటిదే.

శాఖలో నమోదైన సబ్‌కాంట్రాక్టరుకు 20 శాతం, నమోదు కానివారికి 30 శాతం కోస్తారు. గ్రాస్ పేమెంట్ హోదా ఉంటే కోత లేదు. సామగ్రి ఖర్చు, వ్యాట్ మినహాయించి మిగతా మొత్తం మీదే లెక్క. కూలి 1,000 పౌండ్లు, సామగ్రి 500 పౌండ్లయితే నమోదైన వ్యక్తికి కోత 200 పౌండ్లు. అది అతని పన్నుకు ముందస్తు జమ అవుతుంది.

ఈ కోత బాధ్యత తమకు వర్తిస్తుందా లేదా అన్నదే ఇళ్లు అద్దెకిచ్చే వ్యాపారులకు చిక్కు. సొంత ఇంటి మరమ్మతుకు ఈ నియమం లేదు. అద్దె ఆస్తులున్నవారు కూడా మామూలుగా దీని పరిధిలోకి రారు. కానీ గత 12 నెలల్లో నిర్మాణ పనులపై ఖర్చు 30 లక్షల పౌండ్లు దాటితే వారినీ కాంట్రాక్టర్లుగానే లెక్కిస్తారు. 2021 ఏప్రిల్ నుంచి ఈ లెక్క ఏడాది చివర కాదు, ఎప్పటికప్పుడు చూసుకోవాలి. లాభానికి అమ్మేందుకు ఇళ్లు కట్టేవారికి, బాగుచేసేవారికి ఈ పరిమితే లేదు, మొదటి చెల్లింపు నుంచే కాంట్రాక్టర్లు. అద్దె వ్యాపారం చేస్తూ మధ్యలో ఒక ఇల్లు బాగుచేసి అమ్మేవారు ఈ తేడా గమనించాలి.

కోయాల్సిన పన్ను కోయకపోతే ఆ భారం చెల్లించినవారి మీదే పడవచ్చు. బ్రిటన్‌లో అద్దె ఇళ్లున్న తెలుగువారు పెద్ద పని అప్పగించే ముందే అకౌంటెంటును అడగడం మంచిది.