పాన్‌కేక్ నుంచి పలుచని పొర వరకు

ఫౌండేషన్ అనే ముఖలేపనంలో ప్రధానంగా మూడు భాగాలుంటాయి: చర్మపు రంగును సరిచేసే పొడి, ఆ పొడిని ముఖమంతా సమంగా పరిచే ద్రవం, ద్రవం ఇగిరిపోయిన తరువాత పొడి రాలిపోకుండా పట్టి ఉంచే బంధకం. జిడ్డు చర్మం మీద గాని, నుదురు, ముక్కు, గడ్డం మాత్రమే జిడ్డోడుతూ చెంపలు పొడిగా ఉండే మిశ్రమ చర్మం మీద గాని ఈ మూడింటికి తోడు నాలుగోది ఒకటి లోపలి నుంచి ఊరుతూ ఉంటుంది. అది చర్మంలోని తైలగ్రంథులు స్రవించే సీబం అనే కొవ్వు. ఈ నాలుగో పదార్థం వచ్చి చేరినప్పుడే పూత అట్టకట్టి, ముక్కు పక్కల మడతల్లో పేరుకొని, పిండి పూసినట్టు పైకి తేలుతుంది. నూట యాభై ఏళ్ల ఫౌండేషన్ చరిత్రను పూతపొరను అంతకంతకూ పలచబరుస్తూ వచ్చిన ప్రయత్నంగా చూస్తే, పూత ఎందుకు చెదురుతుందో, చెదరకుండా ఎలా నిలపాలో రెండూ కలిసే బోధపడతాయి.

తెలుగు రంగస్థలం మీద ఈ కథ పొడులతో మొదలైంది. కూచిపూడి భాగవతులు వేషం కట్టేటప్పుడు ముఖానికి పూసుకున్న అరదళం ఆర్సెనిక్, గంధకం కలిసిన పసుపుపచ్చని ఖనిజం. దివిటీల వెలుగులో ముఖాన్ని అది ఎంత దేదీప్యంగా చూపినా, నిత్యం పూసుకున్న నటుల చర్మానికి అది విషమే. ఐరోపాలో మాత్రం రంగుపొడిని కొవ్వులో రుబ్బి కడ్డీలుగా పోసే పద్ధతి వచ్చింది. జర్మన్ ఒపెరా గాయకుడు లుడ్విగ్ లైఖ్నర్ 1873లో బెర్లిన్‌లో వీటి తయారీకి పూనుకున్నాడు. ఇక ఇళ్లలో వాడుకైనది స్నో. స్టియరిక్ ఆమ్లాన్ని క్షారంతో కొంతవరకు సబ్బుగా మార్చి నీటిలో చిలికితే వచ్చే ఈ తెల్లని క్రీము చర్మం మీద రుద్దగానే కనబడకుండా పోయి, పైన అద్దే పౌడరుకు పట్టునిచ్చేది. బొంబాయిలో ఇ.ఎస్. పటన్‌వాలా తయారుచేసిన అఫ్గాన్ స్నో వంటి సీసాలు తెలుగువారి అద్దాల బల్లల మీదికి ఈ పని కోసమే వచ్చాయి. స్నో మీద పౌడరు అద్దుకున్న ఆ తరం తమకు తెలియకుండానే ఫౌండేషన్ సూత్రాన్ని పాటించింది.

కొవ్వు రంగుల లోపాన్ని బయటపెట్టింది రంగుల సినిమా. మూడు ఫిల్ములను ఒకేసారి నడిపే టెక్నికలర్ కెమెరా 1930ల్లో వాడుకలోకి వచ్చినప్పుడు, నటి ముఖం మీది జిడ్డు మెరుపు పక్కనున్న తెరల రంగును, ఎదుటి నటుడి చొక్కా రంగును ప్రతిఫలించి, ముఖం ఒక షాటులో ఎర్రగా, మరో షాటులో ఆకుపచ్చగా కనిపించసాగింది. పోలెండులో విగ్గుల పనిలో ఆరితేరి 1904లో అమెరికాకు వలసవెళ్లిన మ్యాక్స్ ఫాక్టర్, ఆయన కుమారుడు ఫ్రాంక్ ఈ చిక్కుకు కనుగొన్న విరుగుడే పాన్‌కేక్. టాల్క్ ప్రధానంగా గల పొడిలో రంగులు కలిపి, పలుచని రేకు గిన్నెలో బిళ్లగా అచ్చుపోసి, తడి స్పాంజితో ముఖానికి పూసే ఏర్పాటు ఇది. నీరు ఆరగానే మెరుపు లేని పొర నిలిచేది. 1937లో విడుదలైన 'వోగ్స్ ఆఫ్ 1938' చిత్రంలో దాన్ని తొలిసారి ప్రముఖంగా వాడారు. మరుసటి ఏడాదే అది సామాన్యుల కోసం దుకాణాలకు చేరింది. ఫాక్టర్ 1938లోనే మరణించాడు.

మద్రాసు ఆ రోజుల్లో తెలుగు సినిమాకు పుట్టిల్లు. చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో 1942లో 'బాలనాగమ్మ'ను నిర్మించిన జెమినీ స్టూడియోలో పాన్‌కేక్ లారీల కొద్దీ ఖర్చయ్యేదని, సికింద్రాబాదులో పుట్టి 1950ల్లో ఆ స్టూడియోలో ఉద్యోగం చేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ తన జ్ఞాపకాల్లో నమోదు చేశారు. ఆ మేకప్ విభాగంలో ఒక ఆంధ్రుడు కూడా ఉండేవాడట. చుట్టూ అద్దాలు, ప్రతి అద్దానికీ వేడి చిమ్మే బల్బులు ఉన్న ఆ గది వర్ణన చదివితే పాన్‌కేక్‌కు మద్రాసులో ఎదురైన అసలు పరీక్ష అర్థమవుతుంది. తడి గాలి వీచే సముద్రతీర నగరంలో, ఆ బల్బుల వేడికి నటుల ముఖాలు ఎండలో ఉన్నట్టే చెమర్చేవి. పూత చెదరకుండా షాటుకు షాటుకు మధ్య టచప్ తప్పేది కాదు. అదే పుల్లయ్య మొదలుపెట్టి ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేసిన 'లవకుశ' 1963లో పూర్తినిడివి తొలి తెలుగు రంగుల చిత్రంగా రావడంతో, ముఖం మీది పూత రంగు కూడా ప్రేక్షకుడి కంటపడే కాలం మొదలైంది.

పూత అట్టకట్టడానికి కారణం కాంతిశాస్త్రంలోనూ ద్రవాల ప్రవర్తనలోనూ ఉంది. ముఖం మీద ప్రతి చదరపు సెంటీమీటరులో 400 నుంచి 900 వరకు తైలగ్రంథులుంటాయి. పది చదరపు సెంటీమీటర్ల చర్మం మూడు గంటల్లో సగటున ఒక మిల్లీగ్రాము సీబం స్రవిస్తుందని, అది ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే జిడ్డు చర్మంగా ఎంచాలని చర్మవైద్యులు లెక్క కట్టారు. పొడి పూత మెరుపు లేకుండా కనిపించడానికి కారణం దాని రేణువుల మధ్య చిక్కుకున్న గాలి. కాంతి ఒక పదార్థంలో ఎంత నెమ్మదిస్తుందో తెలిపే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు; అది గాలికి 1, టాల్క్‌కు సుమారు 1.58. ఈ తేడా వల్లనే కాంతి రేణువు రేణువు దగ్గరా చెదిరి, పూత మెత్తని వెల్లదనంతో కనిపిస్తుంది. సీబం గుణకం 1.48కి దగ్గరగా ఉంటుంది. అది గాలిని తోసి రేణువుల మధ్య నిండితే తేడా దాదాపు చెరిగిపోయి, బజ్జీల నూనె తగిలిన కాగితం అక్కడికక్కడ పారదర్శకమైనట్టే, ఆ చోట పూత పారదర్శకమై, నల్లబడి, మెరుస్తుంది. సీబం చేరని చెంప మీద మాత్రం పూత పిండిలా తెల్లగానే మిగులుతుంది. మిశ్రమ చర్మం మీద ఒకే లేపనం రెండు రంగుల్లో కనిపించడానికి కారణం ఇదే.

తరువాతి దశ మరీ కీలకం. రేణువుల మధ్య చేరిన సీబం తన తలతన్యతతో వాటిని దగ్గరికి లాగి గుంపులు కట్టిస్తుంది. నవ్వినప్పుడు, మాట్లాడినప్పుడు ఆ గుంపులు కదిలి రంధ్రాల అంచుల్లో, ముక్కు మడతల్లో పేరుకుంటాయి. మెరుపు చూసి కంగారుపడి దాని మీదే మళ్లీ పౌడరు అద్దితే, ఉన్న కొద్ది కొవ్వు అంత పొడినీ తడపలేక గట్టి ముద్దగా బిగుస్తుంది. జిడ్డును ముందు పలుచని కాగితంతో ఒత్తి తీసి, పౌడరు ఆ తరువాతే, అదీ జిడ్డు ఊరే చోట మాత్రమే అద్దాలన్న నియమం ఇందులోంచి పుట్టింది. జపానులో బంగారు రేకులను సాగగొట్టడానికి వాడిన కాగితం నూనెను బాగా పీల్చుకుంటుందని గమనించి, దాన్నే ముఖానికి ఒత్తే కాగితంగా ఏనాడో వాడుకలోకి తెచ్చారు. టచప్ పేటికలో పౌడరు కంటే ముందు చోటు దక్కవలసింది ఈ కాగితానికే.

రసాయనశాస్త్రం చూపిన మార్గం వేరు. నీటికి బదులు సిలికోన్ ద్రవంలో రంగుపొడిని పరిచి, నీటిని అందులో సన్నని బిందువులుగా బంధించే ఎమల్షన్లు గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో ప్రచారంలోకి వచ్చాయి. వీటిలో తరచు వాడే డి5 అనే సిలికోన్ అణువులో అయిదు సిలికాన్ పరమాణువులు వలయంగా కూడి ఉంటాయి. అది జారుతూ పరుచుకొని, కొద్ది నిమిషాల్లో ఇగిరిపోయి, రంగును పాన్‌కేక్ కంటే ఎంతో పలుచని పొరగా వదిలివెళుతుంది. రంగు రేణువులకు కూడా ముందే సిలికోన్ తొడుగు వేస్తారు. ఫ్లోరిన్ గల తొడుగులైతే నీటినీ నూనెనూ రెండింటినీ దూరంగా నెడతాయి. తెల్ల రంగునిచ్చే టైటానియం డయాక్సైడు మూలఖనిజమైన ఇల్మెనైట్ భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలోనూ ఉంది. ఈ తెలుపు పాలు ఎక్కువైతే చామనఛాయ ముఖం బూడిద తేలుతుంది గనుక, పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడులను తగిన మోతాదులో కలపడమే మన చర్మానికి లేపనం కూర్చేవారి నైపుణ్యానికి గీటురాయి.

చోడవరం ప్రాంతంలో తూర్పు కనుమల దిగువన ఉన్న చీడికాడ వంటి చోట వైశాఖ ముహూర్తానికి పెళ్లికూతుర్ని అలంకరించే చేతులకు ఈ శాస్త్రమంతా అక్కరకొస్తుంది. చర్మపు వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే సీబం స్రావం పది శాతం దాకా పెరుగుతుందని పరిశోధకులు గుర్తించారు. జిడ్డు పోవాలని సబ్బుతో పదేపదే కడిగితే చర్మం పైపొర పొట్టు లేచి, ఆ పొట్టు అంచులకే రంగు పట్టుకుంటుంది. అందుకే జిడ్డు చర్మానికైనా గ్లిజరిన్ గల పలుచని జెల్ ముందు రాసి, అది ఇంకేదాకా ఆగాలి. ఫౌండేషన్ కింద ముందుగా రాసే ప్రైమరు, ఆ ఫౌండేషన్ రెండూ ఒకే జాతివి కావాలి. ఒకటి నీటి జాతి, మరొకటి సిలికోన్ జాతి అయితే పైపొర పట్టు దొరకక, రుద్దినకొద్దీ నలుసులుగా ఉండకడుతుంది. లేపనాన్ని శనగగింజంత తీసుకొని, తడిపి పిండిన స్పాంజితో ముక్కు పక్క నుంచి చెంప చివరికి రుద్దకుండా అద్దుతూ పోతే, స్పాంజి అదనపు రంగును తానే పీల్చుకుంటుంది. మచ్చ ఉన్నచోట మాత్రం రెండో పలుచని పూత వేయవచ్చు. ముఖమంతటికీ రెండో పూత వేయడం మాత్రం పాన్‌కేక్ నాటి మందానికి తిరిగి వెళ్లడమే.

ఉక్కపోతలో నీటి ఆధారిత లేపనాలు ఆలస్యంగా ఆరడానికి గాలిలో అప్పటికే నిండి ఉన్న నీటి ఆవిరి కారణం. డి5కు ఆ అడ్డు లేదు గనుక తీరప్రాంతపు తేమలోనూ అది త్వరగా ఇగిరిపోతుంది. అయితే పరిసరాల్లో చిరకాలం నిలిచిపోయే పదార్థమని గుర్తించి, ముఖాన ఉంచుకునే లేపనాల్లో దాని పాలును 0.1 శాతానికి లోపు పరిమితం చేస్తూ ఐరోపా సమాఖ్య తెచ్చిన నిబంధన 2027 జూన్ నుంచి అమలుకు రానుంది. దాని స్థానంలో కొబ్బరినూనె కొవ్వు ఆమ్లాల నుంచి తీసే అండెకేన్, ట్రైడెకేన్ అనే తేలికపాటి హైడ్రోకార్బన్లను పరీక్షిస్తున్నారు; ఇవి ఎంత వేగంగా ఇగురుతాయి, రంగును ఎంత సమంగా వదులుతాయి, సీబంతో కలిసిపోయే స్వభావం వీటికి ఎంత ఉంది అన్న మూడు ప్రశ్నల మీదే తరువాతి ఫౌండేషన్ కూర్పు ఆధారపడి ఉంది.